ముందు బ్రేకు ప్యాడ్లు మనమే మార్చుకుందాం
(రేడియో ప్రసంగానికి అక్షర రూపం)

ఆదివారం పూట ఈ రేడియోలో వంటల గురించీ, వీసాల గురించీ, పిల్లల తెలుగు చదువుల గురించీ వింటూ ఉంటారు. ఇవాళ చేతులకు కాస్త మసి అంటే విషయం చెబుతాను. పాత మోటార్ సైకిలుకి ముందు చక్రం బ్రేకు ప్యాడ్లు మార్చుకోవడం ఎలాగన్నది.

ముందే చెబుతున్నాను, నేను మెకానిక్కుని కాను. వారమంతా క్లయింట్ల ఆఫీసుల్లో కంప్యూటర్ ప్రోగ్రాములు సరిచేసే కన్సల్టెంటుని. నా దగ్గర హోండా నైట్‌హాక్ 750 అనే పాత బండి ఉంది. ముందు ఒకే డిస్కు, వెనక డ్రమ్ము, ఏబీఎస్ లేదు. ఇలాంటి బండ్లు మనవాళ్ళ గరాజుల్లో చాలా ఉన్నాయి. ఇక్కడికొచ్చి ఉద్యోగంలో కుదురుకున్నాక, కాలేజీ రోజుల్లో తీరని సరదా తీర్చుకుందామని సెకండ్ హ్యాండ్‌లో కొంటాం. వేసవిలో వారాంతాల్లో తిప్పుతాం, చలికాలమంతా కవరు కప్పి పెడతాం. ఏడాదికి వెయ్యి మైళ్ళు తిరిగితే గొప్ప. "తిరిగిందే లేదు, బ్రేకులకేమవుతుంది" అనుకుంటాం. సరిగ్గా ఆ మాట గురించే ఇవాళ నా ప్రసంగం. పాత బండి బ్రేకుని పాడుచేసేవి మైళ్ళ కన్నా ఏళ్ళు. ప్యాడ్లు మార్చడం గంటన్నర పని. ఆ గంటన్నరలో, ఏళ్ళు ఆ బ్రేకుని ఏం చేశాయో మన కళ్ళతో మనం చూసుకుంటాం. అసలు లాభం అదే.

ముందు బ్రేకే ఎందుకని అడగొచ్చు. మన ఊళ్ళలో బండి నేర్పేవాళ్ళు మొదట చెప్పే మాట గుర్తుందా? "ఒరేయ్, ముందు బ్రేకు జోలికి పోకు, పల్టీ కొడతావు." ఆ మాటలో అప్పటికి అర్థం లేకపోలేదు. రాజ్‌దూత్, చేతక్, ఆర్‌ఎక్స్ 100 - అన్నిటికీ డ్రమ్ము బ్రేకులే. రోడ్డు మీద ఇసక, కంకర, పేడ. చక్రం తిప్పి ఉన్నప్పుడు ఇసకలో ముందు బ్రేకు గట్టిగా పట్టుకుంటే నిజంగానే పడతాం. కానీ పొడిగా ఉన్న తారు రోడ్డు మీద, తిన్నగా పోతున్నప్పుడు లెక్క వేరు. ఆర్టీసీ బస్సు డ్రైవరు సడన్‌గా బ్రేకు కొడితే నిలబడ్డవాళ్ళంతా ముందుకు తూలతారు కదా. బండి బరువూ అంతే, ముందు చక్రం మీదకి వచ్చి పడుతుంది. వెనక చక్రం తేలికైపోతుంది. తేలికైన చక్రాన్ని ఎంత గట్టిగా ఆపినా అది జారుతుందే తప్ప బండిని ఆపలేదు. అమెరికాలో బండి శిక్షణ ఇచ్చే మోటార్ సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ వాళ్ళు, బండిని ఆపే శక్తిలో 70 శాతం, అంతకన్నా ఎక్కువ కూడా, ముందు బ్రేకుదేనని నేర్పుతారు.

ఇది ఊరికే చెప్పే మాట కాదు. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హ్యారీ హర్ట్ అనే ఆయన తన బృందంతో లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో 900 మోటార్ సైకిల్ ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్ళి పరిశీలించి, 1981లో నివేదిక ఇచ్చారు. ప్రమాదం ఎదురైనప్పుడు చాలామంది వెనక బ్రేకు అతిగా తొక్కి బండిని జార్చేశారు, ముందు బ్రేకు చాలినంత వాడలేదు అని అందులో తేలింది. అంటే ఆపద వేళ మనల్ని కాపాడవలసింది ముందు బ్రేకు. అది సరిగ్గా పనిచేస్తుందన్న నమ్మకం చేతికి ఉంటేనే ఆ క్షణంలో వేళ్ళు దాన్ని పిండుతాయి.

ఇక బ్రేకు ఎలా పనిచేస్తుందో రెండు మాటల్లో చెబుతాను. అది తెలిస్తే చేసే పనిలో ప్రతి మెట్టూ ఎందుకో అర్థమవుతుంది. హ్యాండిలు మీద లీవరు పిండితే అక్కడున్న మాస్టర్ సిలిండరు బ్రేకు ద్రవాన్ని గొట్టంలోకి నెడుతుంది. ఆ ఒత్తిడికి కింద క్యాలిపర్‌లోని పిస్టన్లు బయటికొచ్చి ప్యాడ్‌ని డిస్కుకి అదుముతాయి. పాత బండ్లలో చాలావాటికి పిస్టన్లు ఒక వైపే ఉంటాయి. మరి రెండో వైపు ప్యాడ్ ఎలా అదుముకుంటుంది? క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద పక్కకి జరిగి, అవతలి ప్యాడ్‌ని లాక్కొచ్చి డిస్కుకి ఆనిస్తుంది. ఈ జరిగే పిన్నుల్ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వీటి దగ్గరికి వస్తాం.

లీవరు వదిలాక పిస్టన్‌ని వెనక్కి లాగేది స్ప్రింగు కాదు. పిస్టన్ చుట్టూ చదరపు అంచున్న రబ్బరు సీలు ఉంటుంది. పిస్టన్ ముందుకొచ్చినప్పుడు ఆ సీలు కొద్దిగా వంగుతుంది, ఒత్తిడి పోగానే యథాస్థానానికి వస్తూ పిస్టన్‌ని వెంట్రుకవాసి వెనక్కి తీసుకుంటుంది. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ సీలులోంచి జరిగి కొంచెం ముందుకొచ్చి నిలబడుతుంది. అందుకే డిస్కు బ్రేకులో ప్యాడ్లు అరిగినా లీవరు ఆట పెరగదు, మనకి తెలియదు. తెలిసేది ఒక్కచోట: హ్యాండిలు మీద ఉన్న డబ్బాలో ద్రవం మట్టం తగ్గుతుంది. పిస్టన్ ముందుకొచ్చిన మేర ఖాళీని నింపడానికి కిందికి దిగిందన్నమాట. కాబట్టి మట్టం తగ్గితే వెంటనే పోసి నింపకండి. ముందు ప్యాడ్లు చూడండి, తర్వాత ఎక్కడైనా కారుతోందేమో చూడండి.

ప్యాడ్ ఎంత అరిగిందో చూడటానికి ఏమీ విప్పక్కర్లేదు. టార్చి లైటు వేసి క్యాలిపర్‌లోకి తొంగి చూడండి. చాలా ప్యాడ్లకు అరుగుదల తెలిపే గాడి ఉంటుంది. గాడి అడుగు వరకు అరిగిపోయిందంటే మార్చాల్సిందే. గాడి లేకపోతే, ఇనప పలక మీద మిగిలిన పదార్థం రెండు మిల్లీమీటర్లకు వచ్చిందంటే ఆలస్యం చెయ్యకండి. మందం బాగానే ఉన్నా ఏళ్ళ తరబడి ఉన్న ప్యాడ్ పగుళ్ళిచ్చినా, పలక నుంచి ఊడి వస్తున్నా, ఫోర్కు సీలు కారి నూనె పట్టినా దాని పని అయిపోయినట్టే. నూనె పీల్చిన ప్యాడ్‌ని కడిగి మళ్ళీ వాడదామని చూడకండి.

కొత్త ప్యాడ్ల జత పాతిక నుంచి నలభై డాలర్ల మధ్య దొరుకుతుంది. మన బండి మోడలూ సంవత్సరమూ చూసుకుని తెప్పించుకోవాలి. రెండు రకాలు కనిపిస్తాయి: ఆర్గానిక్, సింటర్డ్. సింటర్డ్ అంటే లోహపు పొడిని కాల్చి చేసినవి. పట్టు ఎక్కువ, వానలోనూ బాగుంటాయి. కానీ కొన్ని పాత డిస్కులు వాటి కోసం తయారైనవి కావు, తొందరగా అరిగిపోతాయి. బండి మాన్యువల్ ఏది చెబితే అదే కొనండి. మాన్యువల్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. బోల్టులు ఎంత బిగించాలో అందులో అంకెలుంటాయి. దానికి తగ్గ టార్క్ రెంచి కూడా ఒకటి ఉండాలి.

ఇంకా కావలసినవి: పానాల సెట్టు, అలెన్ కీలు, బ్రేక్ క్లీనరు, సిలికాన్ బ్రేక్ గ్రీజు, మూత తీయని డాట్ 4 సీసా, పాత టూత్ బ్రష్షు, గుడ్డలు, కాస్త తాడు, చేతి తొడుగులు, కళ్ళద్దాలు. ఒక మంచి స్క్రూ డ్రైవరు కూడా. జపాన్ బండ్ల మీద ప్లస్ గుర్తులా కనపడే మరలు చాలావరకు జపాన్ కొలతవి, జె.ఐ.ఎస్. అంటారు. మామూలు ఫిలిప్స్ స్క్రూ డ్రైవరు వాటిలో పూర్తిగా దిగదు. గట్టిగా తిప్పితే మర తల అరిగిపోతుంది. పదేళ్ళుగా కదలని ద్రవం డబ్బా మూత మరల దగ్గర ఇది బాగా అనుభవమవుతుంది. జె.ఐ.ఎస్. స్క్రూ డ్రైవరు కొద్ది డాలర్లే, కొనుక్కోండి.

ఇక పని. బండిని సమతలంగా ఉన్న చోట, కదలకుండా నిలబెట్టండి. చక్రం విప్పక్కర్లేదు. ట్యాంకు మీద తడిగుడ్డ పరచండి. ఎందుకంటే మనం ఊళ్ళో "బ్రేక్ ఆయిల్" అనేది నిజానికి ఆయిల్ కాదు. గ్లైకాల్ జాతి ద్రవం. చుక్క పడితే పెయింటు లేచిపోతుంది. పడితే వెంటనే నీళ్ళతో కడిగేయాలి. ఆయిల్ అన్నారు కదా అని ఇంజను ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్ళన్నీ ఉబ్బి, బ్రేకు మొత్తం పాడవుతుంది. డబ్బా చుట్టూ తుడిచి, మూత తీసి, మట్టం నిండుగా ఉంటే కొంచెం ద్రవం తోడేయండి. తర్వాత పిస్టన్లు వెనక్కి నెట్టినప్పుడు ఆ ద్రవమంతా పైకి వచ్చి పొర్లుతుంది కాబట్టి.

క్యాలిపర్ ఫోర్కుకి బిగించి ఉండగానే ప్యాడ్లను పట్టుకున్న పిన్నుని కొంచెం వదులు చెయ్యండి. కొన్ని బండ్లకు ఒక పిన్ను, కొన్నిటికి రెండు. వాటి మీద చిన్న మూత మర ఉండొచ్చు. క్యాలిపర్ చేతిలోకి వచ్చాక పిన్ను వదులు చేద్దామంటే పట్టు దొరకదు. తర్వాత క్యాలిపర్ బోల్టులు రెండూ విప్పి, దాన్ని డిస్కు మీద నుంచి జారుస్తూ తియ్యండి. గొట్టానికి వేలాడదీయకండి, తాడుతో హ్యాండిలుకి కట్టండి. ఏ స్ప్రింగు పలక ఎటు వైపు ఉందో, ఏ ప్యాడ్ ఎటు ఉందో ఫోనుతో నాలుగు ఫోటోలు తీసుకోండి. ఏ పని చేసినా ముందు బ్యాకప్ తీసుకోవడం మా వృత్తిలో అలవాటు. ఇక్కడా అదే మేలు.

ఇప్పుడు పాత ప్యాడ్లు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ సమానంగా అరిగాయా? పిస్టన్ల వైపుది బాగా అరిగి, అవతలిది కొత్తగానే ఉంటే అర్థం ఏమిటి? ఇందాక గుర్తు పెట్టుకోమన్న పిన్నులు పట్టేశాయి. క్యాలిపర్ జరగడం లేదు. అంటే ఇన్నాళ్ళూ మీకున్నది సగం బ్రేకే. తిరగని బండ్లలో ఇది మామూలు. గ్రీజు ఎండిపోతుంది, రబ్బరు తొడుగు పగిలి నీళ్ళు చేరతాయి, తుప్పు పడుతుంది. ఆ పిన్నుల్ని బయటికి లాగి, శుభ్రంగా తుడిచి, సిలికాన్ గ్రీజు పలచగా రాసి మళ్ళీ పెడితే వేలితో నెట్టినా క్యాలిపర్ అటూ ఇటూ జరగాలి. ప్యాడ్లు మాత్రమే మార్చి ఈ పని వదిలేస్తే ఆ బ్రేకు బాగుపడదు.

తర్వాత పిస్టన్లు. బయటికొచ్చిన భాగం మీద ప్యాడ్ల మసి గట్టిగా పట్టి ఉంటుంది. దాన్ని అలాగే లోపలికి నెడితే సీలు గీసుకుపోయి కారడం మొదలవుతుంది. సబ్బునీళ్ళతో, టూత్ బ్రష్షుతో మెరిసేదాకా రుద్దండి. మనం ఊళ్ళో మెకానిక్ షాపుల్లో ప్రతిదీ పెట్రోలుతోనూ కిరసనాయిలుతోనూ కడగడం చూసి పెరిగాం. బ్రేకుల దగ్గర ఆ రెండూ నిషిద్ధం, డబ్ల్యూడీ-40 కూడా. సీళ్ళ రబ్బరుకి అవి పడవు. ఆ నల్లటి పొడిని నోటితో ఊదొద్దు, గాలి పంపుతో కొట్టొద్దు. పాత ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. తడిపి తుడవడమే క్షేమం.

శుభ్రం చేశాక పిస్టన్లను బొటనవేళ్ళతోనో, ఒక చెక్కముక్క ఆనించో మెల్లగా తిన్నగా లోపలికి నెట్టండి. ఒకటి నెడితే రెండోది బయటికొస్తుంది, దాన్ని ఇంకో చేత్తో ఆపండి. పైన డబ్బాలో మట్టం చూస్తూ ఉండండి. ఎంత నెట్టినా ఒక పిస్టన్ కదలకపోతే అక్కడ ఆగండి. లోపల తుప్పు పట్టింది. అది విప్పి సీళ్ళు మార్చే పని, అలవాటు లేకపోతే షాపుకి ఇవ్వండి.

డిస్కుని కూడా చూడండి. కనీసం ఎంత మందం ఉండాలో డిస్కు మీదే అచ్చు వేసి ఉంటుంది. మైక్రోమీటరుతో కొలవండి. పగుళ్ళున్నా, అంతకన్నా పలచబడినా డిస్కు మార్చాలి. బాగుంటే రెండు వైపులా బ్రేక్ క్లీనరుతో తుడవండి.

స్ప్రింగు పలక దాని చోట పెట్టి, కొత్త ప్యాడ్లు, పదార్థం డిస్కు వైపు ఉండేలా అమర్చండి. పిన్ను మీద తుప్పుంటే గీకి, గ్రీజు పలచగా రాయండి. ప్యాడ్ ముఖానికీ డిస్కుకీ గ్రీజు గానీ జిడ్డు వేళ్ళు గానీ తగలకూడదు. క్యాలిపర్‌ని డిస్కు మీదకి ఎక్కించి, బోల్టులు చేత్తో తిప్పి, తర్వాత మాన్యువల్ చెప్పిన అంకెకి టార్క్ రెంచితో బిగించండి. ఆ తర్వాతే ప్యాడ్ పిన్ను బిగించాలి. కొన్ని బండ్లకు ఆ బోల్టులు ప్రతిసారీ కొత్తవి వేయమని రాసి ఉంటుంది. రెండు మూడు డాలర్లకు చూసుకోకండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. పిస్టన్లు లోపలికి నెట్టాం కదా, ప్యాడ్లకూ డిస్కుకూ మధ్య ఖాళీ ఉంది. ఇప్పుడు లీవరు పిండితే నేరుగా హ్యాండిలుకి తగులుతుంది. బ్రేకు సున్నా. ఈ స్థితిలో బండి స్టార్టు చేసి రోడ్డెక్కితే మొదటి మలుపు దగ్గరే తెలుస్తుంది. కాబట్టి బండి ఎక్కకముందే లీవరుని గట్టిపడేదాకా పదే పదే పిండండి. గట్టిపడ్డాక పట్టుకుని అరనిమిషం ఉంచండి. మెల్లగా దిగిపోతుంటే ఎక్కడో కారుతోంది. మెత్తగా స్పంజిలా ఉంటే గాలి చేరింది.

ప్యాడ్లు మార్చిన రోజే ద్రవం కూడా మార్చమంటాను. బ్రేకు ద్రవం గాలిలోని తేమ పీల్చుకుంటుంది, వానాకాలంలో ఉప్పు చెమర్చినట్టు. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. కొంత నీరు పీల్చాక అదే ప్రమాణం 155కి దిగుతుంది. కొండ రోడ్డు దిగుతూ పదే పదే బ్రేకు పడితే ఆ వేడికి ద్రవం మరిగి ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నలగదు కానీ బుడగ నలుగుతుంది. లీవరు హ్యాండిలుకి తగులుతుంది, బండి ఆగదు. అందుకే తిరిగినా తిరగకపోయినా రెండేళ్ళకొకసారి మార్చమంటారు. కొత్త ద్రవం లేత గడ్డి రంగులో ఉంటుంది. మీ డబ్బాలోది కాఫీ డికాక్షన్‌లా కనబడితే ఇక ఆలోచించక్కర్లేదు.

మార్చే పద్ధతి ఇది. క్యాలిపర్ మీదున్న చిన్న నిపిల్‌కి సన్నని ప్లాస్టిక్ గొట్టం తగిలించి, రెండో కొస సీసాలో పెట్టండి. లీవరు పిండి పట్టుకోవాలి, నిపిల్ పావు చుట్టు వదలాలి, ద్రవం వచ్చాక బిగించాలి, అప్పుడు లీవరు వదలాలి. ఈ వరస తప్పకూడదు. ఇంట్లో ఒకరు లీవరు దగ్గర నిలబడితే సులువు. పైన డబ్బా ఎండిపోకుండా పోస్తూ, బుడగలు లేకుండా కొత్త రంగు వచ్చేదాకా చెయ్యండి. తీసిన పాత ద్రవాన్ని సింకులో పోయకండి, ఊరి ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇవ్వండి.

కొత్త ప్యాడ్లు మొదటి రోజే పూర్తి పట్టు ఇవ్వవు. ఖాళీ రోడ్డు మీద ముప్ఫై మైళ్ళ వేగం నుంచి పది దాకా మెల్లగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ, ఎనిమిది పది సార్లు చెయ్యండి. మొదటి వంద రెండొందల మైళ్ళు ముందు వాహనానికి దూరం ఎక్కువ ఉంచండి. అప్పటిదాకా వెనక ఎవరినీ ఎక్కించుకోకండి.

ప్రసంగం అయ్యాక ఫోన్ చేసిన శ్రోతలు కొందరు అడిగిన ప్రశ్నలకు జవాబులు కూడా చెబుతాను.

కారుకి వాడే డాట్ 4 బండికి పోయొచ్చా అని ఒకరు అడిగారు. పోయొచ్చు, ప్రమాణం ఒకటే. డబ్బా మూత మీద ఏది రాసి ఉంటే అది వాడండి. డాట్ 5 మాత్రం పోయకండి. అది సిలికాన్‌ది, మిగతావాటితో కలవదు. డాట్ 5.1 పేరు దగ్గరగా ఉన్నా అది గ్లైకాల్ జాతిదే.

కొత్త ప్యాడ్లు వేశాక కీచుమంటోంది అని ఇంకొకరు. పలక వెనక ఉండాల్సిన రేకు పెట్టారో లేదో, స్ప్రింగు పలక సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. అన్నీ ఉంటే కొన్నాళ్ళు తిరిగాక చాలాసార్లు తగ్గిపోతుంది. ఇనుము ఇనుముని రాసే గరగర అయితే బండి ఆపి చూడాల్సిందే.

ఊళ్ళో నాన్నగారి బండికీ ఇదే పద్ధతా అని ఒక చెల్లెమ్మ అడిగింది. ఆయనది డ్రమ్ము బ్రేకు అయితే వేరు, అందులో ప్యాడ్లు కాదు, బ్రేకు షూలు ఉంటాయి. చక్రం విప్పాలి. ఊళ్ళో మెకానిక్ చేత్తోనే చేయించండి. ఒక్కటి చెప్పండి: డ్రమ్ములోని పొడిని నోటితో ఊదొద్దని. ఇండియాలో 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి చేశారు. ఏబీఎస్ ఉన్న బండికి ప్యాడ్లు మార్చే తీరు ఇంచుమించు ఇదే. ద్రవం మార్చే తీరు మాత్రం మాన్యువల్ చూసి చెయ్యాలి.

ఇంతా చేస్తే మిగిలే డబ్బెంత అని ఆఖరి ప్రశ్న. ఇక్కడ చాలా షాపుల్లో గంట కూలి వంద డాలర్ల పైమాటే, కనుక కొంత మిగులుతుంది. కానీ డబ్బు కోసమైతే నేను ఇంతసేపు మాట్లాడేవాణ్ణి కాదు. షాపువాళ్ళు ప్యాడ్లు మార్చి బిల్లు ఇస్తారు. మన పిన్నులు పట్టేశాయా, ద్రవం ఏ రంగులో ఉంది, గొట్టం వంచితే పగుళ్ళు కనిపిస్తున్నాయా - ఇవన్నీ చూసినవాడికి తన బండి ఎంతలో ఆగుతుందో తెలుస్తుంది. తెలిసినవాడు దానికి తగ్గ వేగంలో పోతాడు. ఈ వారాంతం గరాజులో కవరు తీసి, టార్చి లైటుతో ఆ ప్యాడ్లని ఒక్కసారి చూడండి. మార్చాల్సి వస్తే మార్చండి. మార్చాక లీవరు గట్టిపడేదాకా పిండకుండా మాత్రం బండి కదపకండి.